చెల్లెలి మొగుడి చేతి ఉప్పు

పూర్ణమాన్ ఆలే కూర రుచి చూడడం మానేసినప్పటి నుంచి క్యాంపులో కంచాల చప్పుడు మారిపోయింది.

సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఊరు దాటాక, సైన్యం వాళ్ల కంచె పక్కన, రేకుల గదుల వరసలు. వాటి మధ్యలో మెస్. పనివాళ్లు మొదట తప్పును ఎండ మీద వేశారు. తర్వాత కొత్త బియ్యం మీద వేశారు. ఒక పూట పప్పు వాన నీళ్లంత చప్పగా ఉండి, మరో పూట వంకాయ కూర సముద్రాన్ని మింగినట్టు వచ్చేసరికి, షట్టరింగ్ పనివాళ్లు కంచాలు బోర్లించి వంటగది కిటికీ ముందుకొచ్చారు. వెనక నుంచి ఎవరో ఒక రొట్టె విసిరారు. అది పూర్ణమాన్ తెల్ల ఆప్రాన్‌కు తగిలి కింద పడింది. అతను వంగి తీసి పక్కన పెట్టాడు గాని తల ఎత్తలేదు.

మెస్‌కు పెద్ద చాంద్ బాషా, రాయచోటి మనిషి, జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏం పూర్ణా, కూర నాలిక మీద ఏసుకుని చూసినావా లేదా?"

"లేదు బాషా భాయ్."

"ఎందుకు చూల్యా? నాలిక అద్దెకిచ్చినావా?"

"నాయన సచ్చిపోయినాడు."

పూర్ణమాన్ తెలుగు ఆ వంటగదిలోనే నేర్చుకున్నాడు, ఉల్లిపాయలు తరుగుతూ, దేగిశాలు తోముతూ. అందుకే నేపాల్ కొండల్లో జరిగిన చావు కూడా అతని నోట రాయచోటి యాసలోనే వచ్చింది. చాంద్ బాషా గరిటె కింద పెట్టి, తన వాళ్లు చావు వినగానే చెప్పుకునే మాటను పెదాల మీదే చెప్పుకున్నాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. పూర్ణమాన్ చటుక్కున వెనక్కి జరిగాడు.

"ముట్టుకోవద్దు భాయ్. మైల."

పూర్ణమాన్ పాల్పా కొండల మనిషి, మగర్ తెగవాడు. ఎడారికి మొదట మట్టి తవ్వడానికొచ్చాడు. నడుము పట్టేశాక కంపెనీ అతన్ని మెస్‌లోకి పంపింది. అక్కడ అతని నాలుక బయటపడింది. ఇన్ని దేశాల వాళ్లు తినే ఒకే కూరలో ఎవరికీ ఎక్కువ కాని, ఎవరికీ తక్కువ కాని ఉప్పు ఎక్కడుందో ఆ నాలుకకు తెలుసు. గరిటె చివర ఒక్క బొట్టు, కళ్లు మూసుకోవడం, పొయ్యి ఆపెయ్యడం. అంతే. ఆ ఒక్క బొట్టు మీదే క్యాంపు మధ్యాహ్నాలన్నీ నిలబడి ఉండేవని, అది ఆగిపోయాక గాని ఎవరికీ తెలియలేదు.

తండ్రి పోయిన కబురు ఫోన్‌లో వచ్చినప్పుడు వెళ్లడానికి వీల్లేకపోయింది. ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఇఖామా, గడువు తీరి, పనికి పిలిపించుకున్న కఫీల్ ఆఫీసులో ఇరుక్కుని ఉంది, అది చేతికి రానిదే సెలవు వీసా లేదు. కొండ మీద గొయ్యి తవ్వుతున్న మనుషుల్ని అరచేతిలో చూశాడు. మంచు అడ్డొచ్చి బొమ్మ తెల్లబడింది. ఆ తెలుపులోనే తండ్రిని మట్టిలోకి దించారు.

పూర్ణమాన్ స్నానాల గదిలోకి వెళ్లి తన తల తానే గొరుక్కున్నాడు. వెనక వైపు చెయ్యి అందక చిన్న కుచ్చు ఒకటి మిగిలింది, కోత అయిపోయిన చేలో మరిచిపోయిన మొక్కలా.

అదే తప్పయింది.

మగర్లలో చావు పనులన్నీ ఇంటి ఆడపిల్లను చేసుకున్నవాడివి; ఆమె అన్నదమ్ములు కూడా అతన్ని అల్లుడనే పిలుస్తారు. బిడ్డ పుడితే బంగారం ముంచిన నీళ్లు చల్లి పురుడు తీసేది అతనే. మనిషి పోతే కొడుకు తల గొరిగేది అతనే. మట్టి చేసి తిరిగొచ్చే దారికి ముళ్లకంప అడ్డం వేసి, పోయినవాడు వెంట రాకుండా చూసేది అతనే. ఆఖరున కొడుకు నాలుక మీద ఉప్పు పెట్టి మైల తీసేదీ అతనే. కొడుక్కి ఏడవడం ఒక్కటే పని. అప్పటిదాకా కొడుకు ఉప్పు ముట్టడు, తోలు తొడగడు, ఎవరినీ తాకడు. అతని నాలుక మీద ఉప్పు పడేవరకు పోయిన మనిషి ముళ్లకంపకు అవతల నిలబడే ఉంటాడని వాళ్ల ఊరి నమ్మకం. ఇటు ఇల్లు కాదు, అటు పూర్వీకుల ఊరు కాదు. గాలికి, చీకటికి మధ్య.

ఊళ్లో దూరపు అల్లుడి వరస మనిషొకడు గొయ్యి తవ్వి మట్టి చేశాడు. కానీ కొడుకు మైల కొడుకున్న చోటే తియ్యాలి. ఉన్నది ఒక్క చెల్లెలు, మన్‌సరా. ఆమె మొగుడు జుద్ధబీర్ పున్ ఎక్కడో లేడు. అదే క్యాంపులో, మెస్‌కు ఎదురు వరసలో ఉన్నాడు. క్రేన్ కింద బరువులు కట్టి సైగ చేసే పని. కంపెనీ ఇద్దర్నీ ఒకే చోట పడేసింది గాని, ఇద్దరి మధ్య మాట ఎప్పుడో ఎండిపోయింది.

వాళ్లలో మేనత్త కొడుక్కి మామ కూతురి మీద హక్కు. మన మేనరికమే. మన్‌సరాను అలా మేనత్త కొడుక్కి అనుకున్నారు. ఆమె జాతరలో పాట పాడిన జుద్ధబీర్ వెంట వెళ్లిపోయింది. ముసలాయన కొన్నాళ్లు అలిగి, తర్వాత కూతుర్ని, అల్లుణ్ని పిలిచి నుదుట పెరుగు కలిపిన బియ్యంతో బొట్టు పెట్టాడు. పూర్ణమాన్ ఆ రోజు పెరట్లో కట్టెలు కొడుతూ ఉండిపోయాడు. తర్వాత మన్‌సరా కొడుక్కి పుట్టువెంట్రుకలు తీసే వేడుక వచ్చింది. మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. సెలవులో ఇంటికెళ్లిన పూర్ణమాన్ వచ్చాడు, కొత్త టోపీ పెట్టుకున్నాడు, కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. పిల్లవాడు తాత ఒళ్లో కూర్చుని ఉన్నాడు. అంతమంది చూస్తుండగా కత్తెరను పళ్లెంలో పెట్టేసి, ఒక మాట అని, వాకిలి దిగి వెళ్లిపోయాడు.

జుద్ధబీర్ ఆ రోజు ఏమీ అనలేదు. పూర్ణమాన్‌కు కూతురు పుట్టి, పురుడు తియ్యడానికి రమ్మని పిలుపు వెళ్తే మాత్రం, గొర్రెలకు గిట్టలు నొప్పిగా ఉన్నాయని కబురు పంపాడు.

ఇప్పుడు ముసలాయన చావు అతని చేతికి చిక్కింది. జుద్ధబీర్ రెండు పనులు చేశాడు. మైల తియ్యడానికి రాలేదు. మైల మనిషి చేతి కూడు తినకూడదని క్యాంపులో ఉన్న నేపాల్ వాళ్లందరికీ చెప్పాడు. వాళ్లు కంచాలు తీసుకుని వచ్చి, కిటికీ ముందు ఆగి, పూర్ణమాన్ ముఖం చూసి, వెనక్కి తిరిగి వెళ్లి గదుల్లో నూడుల్స్ వండుకునేవాళ్లు. ఒకడు పోతూ పోతూ గుమ్మం మీద ఉమ్మాడు.

మిగతావాళ్ల కోసం ఉప్పు వేసి రుచి చూసే పని మస్తాన్ వలీకి పడింది. అతను మెస్‌లో రొట్టెలు చేస్తాడు. ఏది ఇచ్చినా నాకి, "బ్రహ్మాండం," అనేవాడు.

"నీకు ఇసక పెట్టినా బ్రహ్మాండమే గదరా," అన్నాడు చాంద్ బాషా. "పూర్ణా, ఇంగ ఎన్నాళ్లు? మైల తీసే దినం పాయ గదా. వాడు రాకపోతే నువ్వు కుండలు తోమే పనికి పోవాల్సిందే. జనాన్ని నేను ఆపలేను."

"వాడు రాకుండా ఉప్పు ముట్టను."

"నేను పెడ్తా పట్టు. నాక్కూడా చెల్లెల్ని ఇచ్చినావనుకో."

పూర్ణమాన్ ముఖం చూసి చాంద్ బాషా నవ్వు మింగేశాడు.

ఆ సాయంత్రం చాంద్ బాషా నీళ్ల కూలర్ దగ్గర జుద్ధబీర్‌ను పట్టుకున్నాడు. అతని హిందీ కూడా రాయచోటి దారిలోనే నడిచేది.

"ఏమప్పా, ఆ మనిషి మైల తీసెయ్ గూడదా? అల్లుడే తీయాలంట గదా మీలో."

"మైల మొదలైతే కదా తియ్యడానికి. వాడి తల ఎవరు గొరిగారు?"

"వాడే గొరుక్కున్న్యాడు."

"మాలో తన గుండు తాను చేసుకున్నవాడిని దుఃఖంలో ఉన్నాడనరు. పేలు పట్టాయంటారు."

"అట్లయితే వాని చేతి కూడు తినొద్దని ఎందుకు చెప్పినావు?"

"మైల ఉంది. సరిగ్గా మోసేవాడే లేడు."

"నీ నోట్లో ఉండేది నాలికా, తక్కెడా? నీకు కావాల్సిన తట్టుకే మొగ్గుతాంది."

జుద్ధబీర్ గ్లాసులో మిగిలిన నీళ్లు ఇసుకలో పారబోశాడు. ఇసుక వాటిని ఒక్క గుటకలో తాగేసింది.

మర్నాడు పొద్దున, సైట్ బస్సు కోసం మనుషులు వరసలో నిలబడ్డప్పుడు, పూర్ణమాన్ వంటగది వదిలి వచ్చాడు. ఎవరికీ తగలకుండా దూరంగా ఆగాడు. ఎండ అప్పటికే రేకుల మీద కత్తులు నూరుతోంది.

"జుద్ధబీర్."

"పేరు పెట్టి పిలుస్తున్నావా? అల్లుడు అనడానికి నోరు తిరగదా?"

"నాన్న కోసం వచ్చాను."

"నాన్న కోసం నువ్వు రానక్కర్లేదు. ఆయన పిలిస్తే నేను ఎప్పుడూ వెళ్లాను. కత్తెర కింద పెట్టి నువ్వు పోయినప్పుడు, ఆయన నా కొడుకును ఒళ్లోంచి దించలేదు. ఎండ వాలేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు."

"వస్తావా, రావా?"

"ఆ రోజు ఏమన్నావో ఇక్కడ చెప్పు. వీళ్లందరూ వినాలి."

పూర్ణమాన్ పళ్లు బిగించాడు. జుద్ధబీర్ తనే చెప్పాడు, బస్సు డ్రైవరు కూడా తల తిప్పేంత గట్టిగా.

"'జాతరలో లేచిపోయినదానికి పుట్టినవాడి వెంట్రుకకు నేను మేనమామను కాను.' అన్నావా, లేదా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

వరసలో ఎవరో ఈల వేశారు. జుద్ధబీర్ ముఖంలో ఏమీ కదల్లేదు.

"మేనమామ లేని ఇంటికి అల్లుడు ఎక్కడి నుంచి వస్తాడు?" అన్నాడు. "ముళ్ల అవతల ఉన్న ఆయనకు చెప్పు, కొడుకు నోరే అడ్డం పడిందని."

బస్సు లేపిన దుమ్ము చాలాసేపు గాలిలో నిలబడింది. అందులో పూర్ణమాన్ ఒక ముసలి నీడను వెతుక్కున్నాడు. నీడ దొరకలేదు. కంట్లో ఇసుక మాత్రం పడింది.

అతను మాట వెనక్కి తీసుకోలేదు. జుద్ధబీరూ మెత్తబడలేదు. దారి తెరిచింది మన్‌సరా.

ఆమె మొగుడికి ఫోన్ చేసింది. జుద్ధబీర్ గదిలో ఉన్న నలుగురికీ వినపడింది.

"భోజనం చేశావా?"

"చేశాను."

"ఉప్పు బాగా పడిందా?"

ఆమె ఫోన్‌ను కొడుకు వైపు తిప్పింది. పిల్లవాడు సంకటి ముద్ద నోట్లో పెట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు బుగ్గలో దాచుకున్నాడు.

"వాడికి చప్పిడి కూడు ఎందుకు పెట్టావు?"

"వాళ్ల తాత ముళ్ల అవతల నిలబడి ఉన్నాడు. వాళ్ల నాన్న నిలబెట్టాడు. నువ్వు మా అన్నకు ఉప్పు పెట్టినప్పుడే ఈ ఇంట్లో ఉప్పు."

"మీ అన్న నన్ను ఏమన్నాడో తెలుసా?"

"తెలుసు. వాడు కుక్క. నువ్వూ కుక్కవే. మా నాన్న మనిషి."

ఫోన్ కట్ చేసింది. ఆ తర్వాత జుద్ధబీర్ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పిల్లవాడి పేలవమైన ముఖాన్ని మాత్రం పూటపూటా ఫొటో తీసి పంపింది, కింద ఒక్క మాటా లేకుండా.

శుక్రవారం పొద్దెక్కాక జుద్ధబీర్ వంటగది వెనక్కి వచ్చాడు. చేతిలో ఎండు తుమ్మకొమ్మ, జేబులో మంగలి కత్తి. చాంద్ బాషా, మస్తాన్ వలీ నమాజుకు బయల్దేరుతున్నారు.

"మంట చిన్నగా పెట్టుకోండప్పా. వాచ్‌మన్ అడిగితే నాకేం తెల్వదంటా," అన్నాడు చాంద్ బాషా. గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగి అరిచాడు. "కత్తి తల మీదనే పెట్టు జుద్ధబీర్! గొంతు మీద కాదు!"

నీళ్ల ట్యాంకుకూ ఖాళీ గ్యాసు బండలకూ మధ్య కొంచెం నీడ ఉంది.

"వంగు," అన్నాడు జుద్ధబీర్.

సబ్బు లేదు. వట్టి నీళ్లు చల్లి, మొలిచిన గరుకు వెంట్రుకల్ని మళ్లీ మొదలంటా గొరిగాడు. వెనకాల మిగిలిన కుచ్చు దగ్గర కత్తి కావాలనే కొంచెం లోపలికి పోయింది. నెత్తురు చెవి వెనక నుంచి సన్నగా జారింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అయితే ఇంకా గొరగాలి."

తన చెవికున్న బంగారు పోగు తీసి గిన్నె నీళ్లలో వేశాడు; పురిటి మైలకైనా చావు మైలకైనా బంగారం నీళ్లే. ముసలాయన పెట్టిన పోగు అది. ఆ నీళ్లు చల్లడమంటే చినుకుల్లా చల్లాలి. అతను గిన్నె ఎత్తి ముఖం మీద కొట్టాడు. పూర్ణమాన్‌కు ఊపిరాడలేదు. కళ్లు తుడుచుకోలేదు.

తుమ్మకొమ్మ అడ్డంగా పరిచి దాని చివర నిప్పు అంటించాడు. ఇద్దరూ దాన్ని దాటి ఇవతలికి వచ్చారు. జుద్ధబీర్ వెనక్కి తిరిగి, కంచెకు అవతల, ఏమీ లేని పసుపు రంగు మైదానం వైపు నిలబడ్డాడు. అప్పుడు అతని గొంతు వేరే మనిషిదయింది. పూర్ణమాన్ ఆ గొంతును ఎప్పుడూ వినలేదు. బహుశా మన్‌సరా జాతరలో విన్నది అదేనేమో.

"మామా, ఇంక వెళ్లు. ఇటు చూడకు. ముళ్లు వేశాను, నిప్పు పెట్టాను, నీ పని ఏదీ తక్కువ చెయ్యలేదు. ఇక్కడున్నవాడికి నీ ముక్కు వచ్చింది గాని నీ గుణం రాలేదు. వాడి కోసం ఆగకు. నీ ముందు పోయినవాళ్లు దీపం పట్టుకుని ఉంటారు. వెళ్లు మామా."

తుమ్మకొమ్మ చిటపటలాడి బూడిదయింది. గాలి ఆ బూడిదను మైదానంలోకి మోసుకుపోయింది. ఇద్దరూ అటే చూశారు, ఒకరినొకరు చూసుకోకుండా ఉండడానికి.

"నోరు తెరువు."

ఉప్పు చిటికెడు పెట్టాలి. జుద్ధబీర్ గుప్పెడు పెట్టాడు. పూర్ణమాన్ నాలుక మీద నిప్పు పడింది, సముద్రం పడింది, తండ్రి చెమట వాసన పడింది. ఉమ్మితే ముసలాయన ఆగిపోతాడు. మింగాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. అవి దుఃఖానివో ఉప్పువో అతనికే తెలియలేదు. జుద్ధబీర్ నిలబడి చూశాడు, కిందికి దిగే బరువును చూసినట్టు.

ఇక మిగిలింది భోజనం. మైల వదిలినవాడి చేత్తో వండింది ముందు అల్లుడు తినాలి. అతను తిన్నాకే అది అందరికీ కూడు. అతను కంచంలో ఒక్క మెతుకు వదిలినా పోయినవాడు దారిలో ఆకలితో ఉంటాడు.

పొయ్యి మీద దేగిశా నిండా కోడికూర ఉంది. ఉప్పు ఒక్కటే పడలేదు. పూర్ణమాన్ ఇన్నాళ్లకు మొదటిసారి ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టాడు. పిడికిలికి పాత లెక్క గుర్తుంది. వేసి, కలిపి, అన్నంతో వడ్డించి, కంచం జుద్ధబీర్ ముందు పెట్టాడు. తనకూ ఒక కంచంలో కొంచెం పెట్టుకున్నాడు.

జుద్ధబీర్ నెమ్మదిగా తిన్నాడు. ప్రతి ముద్దనూ పూర్ణమాన్ ముఖం చూస్తూ నమిలాడు. అంత ద్వేషంతో అంత శుభ్రంగా అన్నం తినే మనిషిని ఎవరూ చూసి ఉండరు. ఎముకలు పీల్చాడు. కంచం అంచుకు అంటిన మెతుకును వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ వడ్డించమని కంచం చాపాడు. అదీ ఊడ్చినట్టు తిన్నాడు. తన కంచం తనే కడిగి బోర్లించాడు.

గుమ్మం దాటబోతూ ఆగాడు.

"ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

పూర్ణమాన్ తన కంచంలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాలిన నాలుక ఏమీ చెప్పలేదు. దానికి నీళ్లు కూడా ఉప్పే. క్యాంపులో ఆ కూర తిన్నవాడు ఒక్కడే, వాడు శత్రువు. కానీ తండ్రి పని దగ్గర ఆ శత్రువు ఒక్క మెతుకు తప్పు చెయ్యలేదు. పూర్ణమాన్ కాసేపు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత జగ్గు ముంచి దేగిశాలో నీళ్లు పోశాడు. ఇంకో జగ్గు పోశాడు.

నమాజు నుంచి జనం వచ్చారు. నేపాల్ వాళ్లూ వచ్చారు, జుద్ధబీర్ తిన్నాడని తెలిసి. వరస గుమ్మం దాటి బయటికి సాగింది. మొదటి కంచాలు బల్లల మీదికి చేరీ చేరకముందే కేకలు మొదలయ్యాయి.

చాంద్ బాషా గరిటెతో తీసి నాకాడు. "ఏందిరా ఇది, కోడి స్నానం చేసిన నీళ్లా? ఎవడు పోసినాడు?"

"నేనే. ఉప్పు ఎక్కువైందని."

"ఎవడు చెప్పినాడు?"

పూర్ణమాన్ గుమ్మం వైపు చూశాడు. చాంద్ బాషా అతని కంచం చూశాడు. నీళ్లు పోయకముందు పెట్టుకున్న కూర అందులో అలాగే ఉంది. వేలు ముంచి చూశాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ ముంచాడు.

"ఓరి నీ పాసుగూలా! ఇది మన పాత కూర గదరా. ఇట్లాంటిది తిని ఎన్ని దినాలాయె!"

బల్లల మీద ఉప్పు డబ్బాలు చేతులు మారుతున్నాయి. పనివాళ్లు అరబ్బీలో, హిందీలో, నేపాలీలో పూర్ణమాన్‌ను తిట్టుకుంటూ తింటున్నారు. నేపాల్ వాళ్లు అందరికన్నా గట్టిగా తిట్టారు. కానీ తిన్నారు, అతని చేతి కూడు, అడుగంటా.

కిటికీలోంచి ఎదురు వరస కనిపిస్తోంది. జుద్ధబీర్ గది గుమ్మం మీద కూర్చుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, తీరిగ్గా పళ్లు కుట్టుకుంటున్నాడు. ఆ రోజు ఆ కూరను సరైన ఉప్పుతో కడుపునిండా తిన్నవాడు క్యాంపు మొత్తంలో అతనొక్కడే.